మా కుక్క ఏమీ అనదండీ

కుక్కను పెంచే ఇంటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట వినిపించకుండా ఉండదు. పాలప్యాకెట్లు వేసే కుర్రాడు గేటు బయటే ఆగిపోతే ఈ మాటే. లిఫ్టు ఎక్కబోయిన పెద్దావిడ రెండడుగులు వెనక్కి వేస్తే ఈ మాటే. చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. ఆ కుక్క ఇంతవరకూ ఎవరినీ కరిచి ఉండకపోవచ్చు. దాని అలవాట్లు, అలకలు, తోక ఊపే తీరు పెంచినవాళ్లకు తెలుసు. ఎదుటి మనిషికి కనిపించేది మాత్రం ముప్ఫై కిలోల జంతువు, దాని నోరు, మధ్యలో మూడడుగుల జాగా.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో కుక్కల మీద నడిచే గొడవలు చదివితే ఒకటి గమనించవచ్చు. రెండు పక్షాలూ కుక్క గుణం గురించే కొట్టుకుంటాయి. చంటిపిల్లలాంటిదని ఒకరు, ఎప్పటికైనా ప్రమాదమేనని ఒకరు. ఈ వాదనకు అంతు లేదు, అవసరమూ లేదు. మన కుక్క మంచిదని పక్కింటివాళ్లు నమ్మితే తప్ప వాళ్లు ప్రశాంతంగా ఉండలేని పరిస్థితి ఉందంటే, పెంపకంలో ఏదో లోటున్నట్టే. వాళ్లు నమ్మినా నమ్మకపోయినా వాళ్ల రోజు మామూలుగా గడిచిపోవాలి. ఆ పూచీ పూర్తిగా పెంచేవాళ్లదేనని నా అభిప్రాయం.

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూడో అంతస్తుకు భోజనం పార్సిల్ తీసుకెళ్లిన 23 ఏళ్ల కుర్రాడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ దూసుకొచ్చింది. తప్పించుకోబోయి కిందపడ్డాడు, కొద్దిరోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇంకో డెలివరీ మనిషి డాబర్‌మన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకేశాడు, గాయాలతో బయటపడ్డాడు. రెండు చోట్లా ప్రాణం మీదికి తెచ్చింది కాటు కాదు. అదుపులో లేని కుక్క, తెరుచుకున్న తలుపు, క్షణంలో పుట్టిన భయం. ‘ఏమీ అనదు’ అన్న హామీ అక్కడ ఎవరికీ పనికిరాలేదు.

తలుపు, లిఫ్టు, మెట్లు

బెల్ మోగగానే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇంట్లో అందరికీ అలవాటు కావాలి. ముందు కుక్కను కట్టేయడమో గదిలో పెట్టడమో జరగాలి, తర్వాతే గడియ తీయాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా నడుస్తుంది. ఒక చేత్తో తలుపు తీస్తూ ఇంకో చేత్తో బెల్టు పట్టుకుని ‘ఆగు ఆగు’ అంటుంటారు. పెద్ద కుక్క ముందుకు ఉరికితే ఒంటి చేత్తో, వంగి నిలబడి, ఆపడం బలమైన మగవాళ్లకే కష్టం.

గుమ్మానికి గ్రిల్ తలుపు ఉన్నవాళ్లకు పని సులువు. లేనివాళ్లు హాల్లోంచి గుమ్మానికి వచ్చే దారిలో, చంటిపిల్లలున్న ఇళ్లలో పెట్టే అడ్డుగేటు బిగించుకోవచ్చు. లాబ్రడార్, షెపర్డ్ లాంటివి మూడడుగుల గేటును దూకేస్తాయి కాబట్టి వాటికి గోడలో గట్టి కొక్కెం దిగ్గొట్టించి నాలుగడుగుల తాడు ఎప్పుడూ దానికే వేలాడేలా ఉంచడం మేలు. బెల్ మోగితే కొక్కీ తగిలించడం రెండు సెకన్ల పని.

దీంతోపాటు నేర్పాల్సింది, బెల్ వినగానే తన చాప మీదికి వెళ్లి కూర్చోవడం. బెల్ చప్పుడును ఫోన్లో రికార్డు చేసి, బాగా తక్కువ ధ్వనితో వినిపించి, వెంటనే చాప మీద ఒక చికెన్ ముక్క వేయాలి. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు చాలు. కుక్క చప్పుడు వినగానే తలుపు వైపు కాకుండా చాప వైపు చూడటం మొదలుపెట్టాక కొంచెం కొంచెంగా ధ్వని పెంచాలి. సాధారణంగా ఇది బెడిసికొట్టేది చివరి మెట్టులో. ఫోన్లో బెల్‌కు చక్కగా కూర్చున్న కుక్క, నిజం బెల్‌కు లేచి పరిగెడుతుంది. ఎందుకంటే నిజం బెల్ వెనక మనిషి వాసన, అడుగుల చప్పుడు ఉంటాయి. కాబట్టి తెలిసినవాళ్లను బయట నిలబెట్టి అసలు బెల్‌తోనూ సాధన చేయించాలి. అది కుదిరేదాకా తాడు తప్పదు. కుదిరాక కూడా కొత్త మనిషి వచ్చినప్పుడు తాడే నమ్మకం.

గేటుకు వేలాడే ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు గురించి ఒక మాట. ఆ బోర్డు పెట్టేస్తే ఇక వచ్చేవాళ్లదే బాధ్యత అనుకునేవాళ్లున్నారు. జాగ్రత్త అంటే వచ్చినవాడు ఏం చేయాలి? ‘కుక్క ఉంది. బెల్ కొట్టి గేటు బయటే ఉండండి. కట్టేసి వస్తాం’ అని రాస్తే కొరియర్ అబ్బాయికి పనికొచ్చే సంగతి తెలుస్తుంది. ఆన్‌లైన్ ఆర్డరు పెట్టేటప్పుడు చిరునామా కింద ఇదే రాయవచ్చు.

లిఫ్టులో ఇబ్బంది స్థలం చాలకపోవడం. కుక్కను నడిపించే పట్టీ నాలుగు నుంచి ఆరడుగులకు మించకూడదు, లిఫ్టు దగ్గరికి రాగానే దాన్ని కుదించి కుక్క మన కాలికి ఆనుకునేంత దగ్గరికి తెచ్చుకోవాలి. లోపల కుక్క వెనక మూలకు, దానికీ తలుపుకూ మధ్యలో మనం. బటన్ నొక్కితే సాగుతూ ముడుచుకుంటూ ఉండే పట్టీలు అపార్ట్‌మెంటుకు పనికిరావు. వాటి లాక్ సమయానికి పడదు, సన్నటి తాడు వేళ్లను కోసేస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మనిషి లోపలికి వెళ్లి కుక్క బయట ఉండిపోయిన క్షణంలో తలుపు మూసుకుని లిఫ్టు కదిలితే పట్టీ మెడకు ఉరి అవుతుంది. ఇద్దరూ పూర్తిగా లోపలికి వచ్చాకే బటన్ మీద చెయ్యి వేయాలి. ఫోన్ చూస్తూ లిఫ్టు ఎక్కే అలవాటు కుక్క ఉన్నవాళ్లకు అస్సలు కూడదు.

లోపల అప్పటికే ఎవరైనా ఉంటే ‘రావచ్చా అండీ?’ అని అడగాలి, అడిగాక వాళ్ల మాట కంటే ముఖం ఎక్కువ చూడాలి. మొహమాటానికి ‘రండి’ అనేవాళ్లే ఎక్కువ. గోడకు ఆనుకుంటున్నా, పిల్లవాణ్ణి వెనక్కి లాక్కుంటున్నా ఆ లిఫ్టు వదిలేయండి. ఇంకోటి వస్తుంది. మూడు నిమిషాల ఆలస్యం తప్ప పోయేదేమీ లేదు.

కాదనలేని వాళ్ల సంగతి మరీ ముఖ్యం. పనికి వచ్చే అమ్మాయి, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే మనిషి, మెట్లు తుడిచే వాచ్‌మన్ భార్య. వీళ్లలో చాలామందికి కుక్క కాటు వీధిలో అనుభవమే. అయినా ‘భయమండీ, కట్టేయండి’ అని అడిగితే పని పోతుందేమోనని నోరు మూసుకుంటారు. చీపురు అడ్డం పెట్టుకుని గోడ వెంబడి నడుస్తుంటే ‘దానికి నువ్వంటే ఇష్టం’ అని నవ్వుకోవడం అన్యాయం. వాళ్లు అడగకుండానే కట్టేయాలి. అలాగే పట్టీ ఎవరి చేతికిస్తున్నామన్నదీ చూసుకోవాలి. ఉరికితే ఆపగలిగే బలం ఉన్నవాళ్లే కుక్కను బయటికి తీసుకెళ్లాలి. ఐదో తరగతి పిల్లాడి చేతిలో రాట్‌వైలర్ ఉంటే నడిపిస్తున్నది రాట్‌వైలరే.

భయం ఒక్కటే కారణం కాదు. కొందరు మడిలో ఉంటారు, కొందరు నమాజుకు వజూ చేసుకుని బయల్దేరతారు. కుక్క మూతి తగిలితే వాళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదట్నుంచి శుభ్రం చేసుకోవాలి. పొద్దున్నే కళ్లాపి చల్లి ముగ్గు వేసిన వాకిలి మీద మగకుక్క కాలెత్తితే ఆ ఇంటావిడకు ఎంత కష్టంగా ఉంటుందో వేరే చెప్పాలా? ఆ నమ్మకాలు మనకున్నాయా లేవా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. పట్టీ ఒక అడుగు కుదిస్తే సరిపోయే విషయం.

ఇలా ఎప్పుడూ దూరం పెడుతూ పోతే కుక్కకు మనుషులు అలవాటు కారు, అదే పిరికిదై కరవడం నేర్చుకుంటుంది కదా అని ఒక వాదన ఉంది. ఇందులో కొంత నిజముంది. మూడు వారాల వయసు నుంచి పద్నాలుగు వారాల దాకా కూన చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు దానికి జీవితాంతం మామూలైపోతాయి. ఆ వయసులో గదిలో బంధిస్తే తర్వాత దిద్దడం చాలా కష్టం. కానీ మనుషులను అలవాటు చేయడమంటే కనిపించిన ప్రతివాళ్ల మీదికీ ఎగరనివ్వడం కాదు. పదడుగుల దూరంలో స్కూలు బస్సు దిగుతున్న పిల్లల్ని, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లను, కర్రపట్టుకు నడిచే తాతగారిని చూస్తూ, నిదానంగా కూర్చుని, మన చేతిలోంచి తిండి తినగలిగితే అదే అలవాటు. ముట్టుకోవడం ఇష్టపడే ఇరుగుపొరుగు నలుగురు దొరికితే చాలు.

పెంట, ఉచ్చ

ఇంత పెద్ద శీర్షిక కింద రాయాల్సిన విషయమా అనిపించవచ్చు. కాలనీల్లో కుక్కల మీద కోపం సగం ఇక్కడే పుడుతుంది, పైగా ఆ కోపం పూర్తిగా న్యాయమైనది.

ఒక మోస్తరు కుక్క రోజుకు పావుకిలో పైనే విసర్జిస్తుంది. ‘మట్టిలోనే కదా, ఎరువవుతుంది’ అనేది అందరూ చెప్పే సమాధానం. ఆవుపేడతో దీన్ని పోల్చడం తప్పు. కుక్క మాంసాహారి, దాని పేగుల్లో ఉండే ఏలికపాములు, కొంకిపురుగులు మనుషులకూ హాని చేస్తాయి. ఏలికపాము గుడ్లు బయటపడ్డ వెంటనే ప్రమాదకరం కావు. మట్టిలో రెండు వారాలో, ఇంకాస్త ఎక్కువో గడిచాకే అంటుకునే స్థితికి వస్తాయి. ఆ తర్వాత పెంట ఎండి, వానకు కొట్టుకుపోయి, కంటికి కనిపించకుండా పోయినా గుడ్లు మాత్రం ఆ మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆ మట్టిలో ఆడుకున్న పిల్లాడు చెయ్యి నోట్లో పెట్టుకుంటే లోపలికి వెళ్లి కాలేయానికో, కంటికో చేరగలవు. కొంకిపురుగుల పద్ధతి వేరు. మన వేడికి, తడికి వారం రోజుల్లోపే వాటి పిల్లలు తయారై, చెప్పుల్లేని పాదం దొరికితే చర్మంలోంచే దూరతాయి. అంటే పెంట పడినరోజే ఎత్తేస్తే ఈ ప్రమాదం దాదాపు పూర్తిగా పోతుంది, రేపటికి వాయిదా వేస్తూ పోతే పార్కు మట్టే పాడవుతుంది. ఎత్తేయడంతోపాటు నులిపురుగుల మందూ వేయాలి. కూనలకు రెండో వారం నుంచి మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. బరువును బట్టి మోతాదు పశువైద్యుడే చెప్పాలి.

ఎత్తడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. కుక్క గుండ్రంగా తిరిగి వంగుతున్నప్పుడే వెనకనుంచి పాత పేపరు ఒకటి నేల మీదికి జరిపితే పని అయిపోతుంది. నేలకు అంటదు, చేతికి అంటదు. మొదటి వారం రోజులు కుక్క పేపరు చప్పుడుకు బెదిరి లేచిపోతుంది, తర్వాత పట్టించుకోదు. పేపరు అందకపోతే కవరును చేతికి తొడుగులా తొడుక్కుని పట్టుకుని, లోపలి వైపు బయటికి తిప్పి ముడి వేయాలి. విరేచనాలు అవుతున్న రోజున దాని మీద గుప్పెడు పొడిమట్టో బూడిదో చల్లి నిమిషం ఆగితే గట్టిపడి అట్టముక్కతో ఎత్తడానికి వీలవుతుంది, మిగిలినదాని మీద నీళ్లు పోయాలి.

చాలామంది సరిగ్గా చేయనిది దీని తర్వాతి మెట్టు. ముడివేసిన కవరును తడిచెత్త డబ్బాలో పడేస్తారు. మర్నాడు స్వచ్ఛ ఆటో దగ్గర ఆ చెత్తను చేత్తో వేరుచేసే మనిషి ఆ కవరు విప్పాల్సి వస్తుంది. పేపరు మీద ఉన్నదాన్ని ఇంటికి తెచ్చి కమోడ్‌లో వేసి నీళ్లు వదలడం అన్నింటికంటే శుభ్రమైన దారి. కవరు మాత్రం కమోడ్‌లో వేయకూడదు. ఇంటి ఎరువుగుంతలోకి, ముఖ్యంగా ఆకుకూరల మడికి వేసే ఎరువులోకి, ఇది అసలు వెళ్లకూడదు.

రోజూ ఒకే వేళకు తిండి పెడితే విసర్జన కూడా ఒకే వేళకు వస్తుంది. తిన్న పదిహేను ఇరవై నిమిషాల తర్వాత నెమ్మదిగా నడిపిస్తే చాలా కుక్కలు కానిచ్చేస్తాయి. వేళాపాళా లేకుండా తినిపించే ఇళ్ల కుక్కలే లిఫ్టులోనూ మెట్ల మీదా పాడుచేస్తుంటాయి.

ఉచ్చ విషయం ఇంకాస్త చిక్కు. మగకుక్క సెల్లార్లోకి రాగానే మొదటి స్తంభానికి, మొదటి బైకు టైరుకు కాలెత్తుతుంది. అది వట్టి అవసరమైతే ఒకచోట తీరిపోయేది. ఇది తన చోటని వాసనతో గుర్తు వేయడం కాబట్టి పదిచోట్ల కాస్త కాస్త పోస్తుంది. గేటు దాటి మట్టి కనిపించేదాకా పట్టీ కుదించి, వాసన చూడనివ్వకుండా వేగంగా నడిపించడం ఒక్కటే మందు. వాసన చూడటానికి ఆగిందంటే కాలెత్తడానికి సిద్ధమైనట్టే. జేబులో అరలీటరు నీళ్ల సీసా ఉంచుకుని, పొరపాటున పడితే అప్పుడే పోసేయాలి. ఎండిపోయాక నీళ్లతో, ఫినాయిలుతో కడిగితే మనకు వాసన పోతుందేమో గాని కుక్కకు పోదు. ఉచ్చలో వాసన పెట్టే పదార్థాలు నీళ్లతో పూర్తిగా పోవు, గాలిలో తేమ పెరిగిన ప్రతిసారీ వాసన మళ్లీ లేస్తుంది, కుక్క మళ్లీ అక్కడే పోస్తుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం పోసి పది పదిహేను నిమిషాలు తడిగా వదిలేస్తేనే అది విరుగుతుంది. బ్లీచింగ్ మాత్రం వద్దు. ఉచ్చలోని అమ్మోనియాతో కలిస్తే వచ్చే వాయువు, గాలి ఆడని సెల్లార్లో ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక్కడే, కుక్కలకూ మనుషులకూ సోకే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బుకు టీకా సంగతి కూడా. ఆ జబ్బు ఎక్కువగా ఎలుకల ద్వారా వస్తుంది. కానీ సోకిన కుక్క ఉచ్చలోనూ ఆ సూక్ష్మజీవి ఉంటుంది, వానాకాలం నిలిచిన నీళ్లలో బతుకుతుంది. ఏటా వేయించే కలగలుపు టీకాలో ఇది ఉందో లేదో అడిగి తెలుసుకోండి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించాలని అందరికీ తెలిసిందే. ఆ కార్డు ఫోటో ఫోన్లో ఉంచుకుంటే ఎందుకు పనికొస్తుందో చివర్లో చెప్తాను.

గోమార్లు కూడా పొరుగు సమస్యే. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీంచి రాలిపడి, పైకి ఎగబాకి, గోడ పగుళ్లలోనో తలుపు చట్రం సందులోనో వేల గుడ్లు పెడుతుంది. వరండా అంతా ఉమ్మడిది కాబట్టి పక్కింటి గుమ్మానికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఒక్క మందు స్నానంతో ఇవి పోవు. నెలకోసారో, మందును బట్టి పన్నెండు వారాలకోసారో వేసే మాత్రలు ఆపకుండా వేయాలి, చెప్పుల స్టాండు కింద, సందుల్లో శుభ్రం చేయించాలి. చేత్తో పీకిన గోమారిని వరండాలో విసిరేయకుండా స్పిరిట్ సీసాలో వేయండి.

మనం లేనప్పుడు

కుక్క అరుపుల విషయంలో పెంచేవాళ్లకూ పొరుగువాళ్లకూ లెక్క కుదరకపోవడానికి ఒక కారణం ఉంది. ఎక్కువ అరుపు ఇంట్లో ఎవరూ లేనప్పుడు జరుగుతుంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి కుక్క బుద్ధిగా తోకాడిస్తూ కనిపిస్తుంది. ‘మా ఇంట్లో ఎప్పుడూ అరవదే’ అని నిజాయితీగానే అంటారు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే పక్కింటి నర్సుకు మాత్రం నిద్ర ఉండదు. అందుకే పొరుగింటికి మనమే వెళ్లి, ‘మేం లేనప్పుడు అరుస్తోందా?’ అని అడిగి, ఫోన్ నంబరు ఇచ్చి రావాలి. మనంతట మనం అడిగినచోట వాట్సాప్ గ్రూపులో పంచాయతీ దాదాపుగా పుట్టదు.

తర్వాత పాత ఫోను ఒకటి హాల్లో పెట్టి, వెళ్లేముందు రికార్డింగ్ ఆన్ చేయండి. కారణాన్ని బట్టే మందు. మనం వెళ్లిన మొదటి అరగంటలోనే ఏడుపులాంటి అరుపు, తలుపు గీరడం, నేలంతా చొంగ ఉంటే అది ఒంటరితనం భయం. లిఫ్టు చప్పుడైన ప్రతిసారీ నాలుగు అరుపులు అరిచి ఆగిపోతే అది కాపలా. మధ్యాహ్నం తర్వాత ఒకే తీరున ఎడతెరిపి లేకుండా అరుస్తుంటే విసుగు.

విసుక్కునే కుక్కకు పొద్దున్న అరగంట వాసనలు చూస్తూ తిరగనిచ్చే నడక కావాలి. గబగబా నడిపించి తెచ్చేస్తే ఒళ్లు అలుస్తుందేమో గాని బుర్ర అలవదు. రబ్బరు బొమ్మలో ఉప్పు వేయని పెరుగన్నం కూరి, రాత్రే డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, వెళ్లేటప్పుడు ఇస్తే అరగంటకు పైగా నాకుతూ కూర్చుంటుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష కలవకూడదు. కాపలా అరుపులకు కిటికీ కింది సగానికి మసక కాగితం అంటించడం, గుమ్మం దగ్గర పడుకునే చోటును లోపలి గదికి మార్చడం, ఫ్యాను చప్పుడు ఉంచడం బాగా పనిచేస్తాయి. మనమూ గట్టిగా ‘ఏయ్’ అని అరిస్తే కుక్కకు అది తోడు అరవడంలాగే ఉంటుంది.

ఒంటరితనం భయం మాత్రం ఓపికతో తగ్గించాల్సిన జబ్బు. తాళంచెవులు తీసి, చెప్పులు వేసుకుని, బయటికి వెళ్లకుండా మళ్లీ కూర్చోవాలి. అది పట్టించుకోవడం మానేశాక తలుపు బయట ఐదు సెకన్లు ఉండి, కుక్క కంగారు పడకముందే లోపలికి రావాలి. తర్వాత ఇరవై సెకన్లు, నిమిషం, మూడు నిమిషాలు. మొదటి ముప్ఫై నలభై నిమిషాలు దాటించడానికే వారాలు పడుతుంది, ఆ తర్వాత గంటలు తేలిగ్గా పెరుగుతాయి. ఇదంతా జరుగుతుండగా మధ్యలో ఒకరోజు ఎనిమిది గంటలు వదిలేసి ఆఫీసుకు పోతే చేసింది సగం చెడిపోతుంది. ఆ వారాల్లో అమ్మమ్మనో తమ్ముణ్ణో తోడు పెట్టుకోవాల్సిందే. అరిస్తే కరెంటు షాకు కొట్టే బెల్టులు కొనకండి. భయపడి అరిచే కుక్కకు ఇంకో భయం కలపడమే అది.

బాల్కనీలో కట్టేసి వెళ్లడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. వీధిలో కదిలే ప్రతిదానికీ అరుస్తుంది, మే నెల ఎండకు కాంక్రీటు కాలిపోతుంది, ఉచ్చ కిందింటివాళ్లు ఆరబెట్టిన బట్టల మీదికో వడియాల మీదికో కారుతుంది. రోజంతా గొలుసుతో కట్టేసి నడకకు కూడా తీసుకెళ్లకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

రాత్రి పదినుంచి పొద్దున ఆరు దాకా నివాస ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెప్తాయి. దగ్గర్లో అరిచే కుక్క గొంతు దానికి చాలా పైనే ఉంటుంది. దీపావళి రాత్రి, డప్పులు మోగే బోనాలప్పుడు, వినాయక నిమజ్జనం రోజున కుక్క అరవడం వేరే సంగతి. అప్పుడు దానికి కిటికీలు మూసిన లోపలి గది, పక్కన మనిషి కావాలి. పక్కింటివాళ్లూ అంతమాత్రం ఓర్చుకోవాలి.

అసోసియేషన్‌లో

ఇప్పటిదాకా రాసింది చదివి, కుక్కను పెంచేవాళ్లు ఎప్పుడూ తలవంచుకునే బతకాలా అని ఎవరికైనా అనిపిస్తే ఆ ప్రశ్న సరైనదే. అపార్ట్‌మెంట్లలో వాళ్లకు జరిగే అన్యాయం తక్కువేం కాదు. ‘కుక్కలు లిఫ్టు ఎక్కరాదు’ అని కాగితం అంటిస్తారు. నెలకు కుక్క రుసుమంటారు. సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించి కుక్కలను నిషేధించామంటారు. ఇవేవీ చెల్లవు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. మెజారిటీ ఉన్నా సరే నిషేధించకూడదు, లిఫ్టు వాడొద్దనకూడదు, ప్రత్యేక రుసుము వేయకూడదు, ప్రతి కుక్కకూ మూతి చిక్కం ఉండాలని పట్టుబట్టకూడదు. 2021లో కేరళ హైకోర్టు కూడా ఇలాంటి నిషేధాలు చెల్లవని తేల్చింది. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను నిషేధించాలంటూ ఇచ్చిన సర్క్యులర్‌ను కర్ణాటక హైకోర్టు మర్నెలలోనే కొట్టేసింది.

కానీ ఈ కాగితాలను గ్రూపులో పెట్టి గెలిచామనుకునేవాళ్లు అవే మార్గదర్శకాల్లో తమకున్న మాటలను దాటేస్తారు. ఉమ్మడి జాగాలో పట్టీతో నడిపించమని, పెంట శుభ్రం చేయమని, అరుపులతో ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టొద్దని అందులోనే ఉంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, మనిషి ప్రాణానికో తీవ్రగాయానికో దారితీసే ప్రమాదం ఉందని తెలిసీ జంతువును అదుపులో పెట్టకపోతే ఆరు నెలల దాకా జైలు, ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ. హక్కు కాగితం చూపించి లిఫ్టు ఎక్కినవాడు ఆ లిఫ్టులో పెద్దావిణ్ణి భయపెడితే, వచ్చే సమావేశంలో ఇంకో పదిమంది చేతులెత్తుతారు. చట్టం ఆ తీర్మానాన్ని కొట్టేయవచ్చు, ఆ పదిమంది మనసు మార్చలేదు.

పొరుగువాళ్లూ కొన్ని నేర్చుకోవాలి. కుక్కను చూసి పరిగెత్తకూడదు, తింటున్నదాన్ని, నిద్రపోతున్నదాన్ని ముట్టకూడదు, పెంచేవాళ్లను అడగకుండా నిమరకూడదు. పిల్లలకు ఈ మూడూ ఇంట్లోనే చెప్పాలి. రాయి విసిరిన పిల్లాణ్ణి కుక్క గుర్తుపెట్టుకుంటుంది.

వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లకూ ఇదే లెక్క. పెట్టడం తప్పు కాదు, ఎక్కడ పెడుతున్నామన్నదే గొడవ. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పిల్లలు ఆడుకునే చోట్లు, మెట్లు, రాకపోకల గేట్లు వదిలేసి వేరేచోటు చూడమంటాయి. తన గేటు ముందు గిన్నె పెట్టి, ఆ గుంపును పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కూ టీకాకూ పట్టించే శ్రద్ధ తీసుకోకపోతే అది సగం పనే. చెవికి చిన్న గాటు ఉన్నది ఆపరేషన్ అయిన కుక్క. మన ఇంటి ఆడకుక్కకు ఆపరేషన్ చేయించకపోతే ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడేసి వారాలు, వీధిలోని మగకుక్కలన్నీ మన గేటు ముందే కొట్లాడుకుంటాయి.

కాటు పడితే

ఎంత చేసినా ఒకరోజు జరగవచ్చు. అప్పుడు ‘ఇంతవరకూ ఎవర్నీ ఏమీ అనలేదండీ’ అనే మాట నోటికి రాకముందే కుళాయి దగ్గరికి తీసుకెళ్లండి. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పూర్తిగా పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, రెండు నిమిషాలకే చాలనిపిస్తుంది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ పెట్టనివ్వొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. తర్వాత మన బండిలోనే ఆసుపత్రికి. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం (ప్రభుత్వ నివారక వైద్య సంస్థ) లాంటిచోట్ల రేబిస్ టీకాలు వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న రోజులు పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదలుపెట్టిన రోజు, అక్కడి నుంచి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు. చర్మం చీలి రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాల్సి ఉంటుంది. మన కుక్కకు టీకాలున్నాయి కదా, అక్కర్లేదు అని మనం చెప్పకూడదు. ఫోన్లో ఉన్న కార్డు ఫోటో డాక్టరుకు చూపించాలి, నిర్ణయం ఆయనది. ఖర్చు మాట వాళ్లు ఎత్తకముందే మనం ఎత్తాలి.

ఆ తర్వాత పదిరోజులు కుక్క ఇంట్లోనే, అందరికీ కనిపించేలా ఉండాలి. గొడవ సద్దుమణిగేదాకా ఊళ్లో పొలం దగ్గర వదిలేసి వస్తుంటారు కొందరు. కరిచినప్పుడు దాని చొంగలో రేబిస్ ఉండి ఉంటే ఈ పదిరోజుల్లోపే జబ్బు బయటపడుతుంది. కుక్క కళ్ల ముందు లేకపోతే కరిపించుకున్నవాళ్లకు ఆ సంగతి తెలిసే దారి ఉండదు. రోజూ ఒక ఫోటోనో, తింటున్న చిన్న వీడియోనో వాళ్లకు పంపండి. పదో రోజున పశువైద్యుడికి చూపించి ఆ చీటీ కూడా పంపండి.

ఎందుకు కరిచిందో వైద్యుడితో కూర్చుని వెతకాలి. చెవిపోటు, కీళ్లనొప్పి లాంటివి ఉన్నట్టుండి కరవడానికి చాలాసార్లు కారణమవుతాయి. మందు పనిచేసేదాకా, శిక్షణ కుదిరేదాకా ఇంటి బయట చిక్కం వేయడం న్యాయం. అందరి కుక్కలకూ అది తప్పనిసరి చేయకూడదు గాని, కరిచిన కుక్క విషయంలో ఎవరూ అడగక్కర్లేకుండా మనమే వేయాలి. కొనేటప్పుడు నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండే బుట్టలాంటి చిక్కమే కొనండి. మొదటి మూడు నాలుగు రోజులు దాని అడుగున కాస్త పెరుగు రాసి, కుక్క తనంతట తానే మూతి లోపల పెట్టేలా చూడాలి, పట్టీ బిగించకూడదు. తర్వాత ఐదు సెకన్లు బిగించి తీసేయాలి, ఆ తర్వాత నిమిషం, ఇంట్లో పది నిమిషాలు, చివరికి బయట. గోళ్లతో పీకేస్తోందంటే మనం తొందరపడ్డట్టు, ఒక మెట్టు కిందికి దిగాలి. గుడ్డతో కుట్టిన గొట్టంలాంటివి మూతిని పూర్తిగా మూసేస్తాయి. కుక్కకు ఒళ్లు చల్లబరుచుకునే దారి ప్రధానంగా రొప్పడమే కాబట్టి మన ఎండల్లో వాటితో నడిపిస్తే పది నిమిషాల్లోనే వడదెబ్బ తగలవచ్చు. వాటిని పశువైద్యుడి దగ్గర గోళ్లు కత్తిరించే రెండు నిమిషాలకు తప్ప వాడకండి.